నేతన్నను యజమాని చేసిన సోమప్ప

దసరా దాటితే పత్తికొండ నుంచి ఆదోని పోయే రోడ్డు మీద పత్తి బండ్లే కనిపిస్తాయి. ట్రాక్టర్ ట్రాలీల్లో, వ్యాన్లలో ఎత్తుగా కుక్కిన బోరాలు. రోడ్డు వార కంపచెట్లకు చిక్కుకున్న తెల్లటి పీచు. ఆస్పరి, దేవనకొండ, ఆలూరు, తుగ్గలి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే ఆ సరుకు ఆదోని మార్కెట్ యార్డులో దిగుతుంది. వేలం, తూకం, చీటీ, అక్కడి నుంచి జిన్నింగు మిల్లు. క్వింటాలు పత్తిలో దూది మూడో వంతు, మిగిలింది గింజ. దూదిని 170 కిలోల బేళ్లుగా నొక్కి లారీలకు ఎత్తుతారు. అది ఎక్కడో నూలవుతుంది, ఇంకెక్కడో బట్టవుతుంది, చివరికి చొక్కాయై ఆదోని బజారుకే తిరిగి వస్తుంది. ఆ చొక్కా ధరలో పత్తి పండించిన రైతుకు ఎంత దక్కింది, తీసిన కూలీకి ఎంత దక్కింది అని లెక్క తీస్తే, కర్నూలు పడమటి సీమ ఎందుకు పేదగా ఉండిపోయిందో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ సీమలో సంపన్నులు పుట్టలేదా అంటే, పుట్టారు. ఆదోనిని రెండో బొంబాయి అని పిలుచుకునే రోజులున్నాయి. పత్తి వ్యాపారం, జిన్నింగు ఫ్యాక్టరీలు, నూనె మిల్లులు, నూలు మిల్లులు ఎన్నో కుటుంబాలను పైకి తెచ్చాయి. వాళ్లలో దానధర్మాలు చేసినవాళ్లూ ఉన్నారు, సత్రాలు కట్టించినవాళ్లూ ఉన్నారు. కానీ ఆదోని నుంచి ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్న ఎమ్మిగనూరు వెళ్లండి. ఊరి నడిబొడ్డున నాలుగు దారులు కలిసే చోటు పేరు సోమప్ప సర్కిల్. ధర్నా చేసినా అక్కడే, ఊరేగింపు ఆగినా అక్కడే, బస్సు దిగినవాడికి దారి చెప్పాలన్నా అక్కడి నుంచే. ఒక వ్యాపారి పేరు ఊరి నోట్లో ఇలా నిలిచిపోవడానికి కారణం ఆయన కూడబెట్టిన ఆస్తి కాదు. 1938లో ఆయన పెట్టిన ఒక సొసైటీ.

మాచాని సోమప్ప. పద్మశ్రీ మాచాని సోమప్ప అని ఎమ్మిగనూరులో పూర్తిగా పలుకుతారు. మాచాని వారిది వ్యాపారంలో పేరున్న కుటుంబం. సోమప్ప గాంధేయవాది. ఆయన స్థాపించిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని ఊరు ఇంగ్లీషు పొడి అక్షరాలతో వై.డబ్ల్యూ.సి.ఎస్. అంటుంది, ఇంకా దగ్గరితనంతో సొసైటీ అంటుంది. పారిశ్రామికవేత్త అనగానే పొగగొట్టం, కంపెనీ బోర్డు, వాటాల ధర గుర్తొచ్చే మనకు ఆయన్ని ఆ వరసలో నిలబెట్టడం అలవాటు లేదు. నా మట్టుకు, ఈ జిల్లా పడమటి భాగం చూసిన పెద్ద పారిశ్రామికవేత్త ఆయనే. ఆ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

పత్తికొండకు చరిత్ర పుస్తకాల్లో ఒక చోటుంది. మద్రాసు గవర్నరుగా పనిచేస్తున్న సర్ థామస్ మన్రో 1827 జూలై 6న కలరా సోకి చనిపోయింది ఇక్కడే. అంతకు ముందు 1800 నుంచి 1807 దాకా ఆయన దత్తమండలాలకు ప్రధాన కలెక్టరు. బళ్లారి, ఆదోని, గుత్తి, కడప ప్రాంతాల నేలను కొలిపించి, రైతుతో సర్కారు నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైతువారీ పద్ధతిని ఇక్కడ వేళ్లూనించింది ఆయనే. ఆ ఏడేళ్లలో ఆయన నల్లరేగడినే కాదు, మగ్గాన్నీ దగ్గరగా చూశాడు. 1813లో ఈస్టిండియా కంపెనీ చార్టరు మీద బ్రిటిష్ పార్లమెంటు విచారణ జరిపినప్పుడు సాక్ష్యం చెబుతూ, ఈ దేశపు శాలువ ఒకటి ఏడేళ్లు వాడానని, ఐరోపా శాలువ ఊరికే ఇచ్చినా కప్పుకోనని అన్నాడు. ఇక్కడి నేతకు అంతకన్నా పెద్ద యోగ్యతాపత్రం ఎవరివ్వగలరు? అయినా ఆ ఏడాదే భారతదేశంతో వ్యాపారంలో కంపెనీ గుత్తాధిపత్యం రద్దయింది. లాంకషైర్ మిల్లుల బట్టకు దారి పడింది.

ఆ బట్ట మన లోపలి పల్లెలకు వెంటనే రాలేదు. బళ్ల మీద మోసుకొస్తే గిట్టేది కాదు. 1871లో మద్రాసు, బొంబాయిల రైలు మార్గాలు రాయచూరు దగ్గర కలిశాయి. దారిలో ఆదోని ఉంది. అప్పటి నుంచి రైలు వచ్చేటప్పుడు మిల్లు బట్ట తెచ్చేది, పోయేటప్పుడు దూది పట్టుకుపోయేది. దానికి పదేళ్ల ముందే అమెరికా అంతర్యుద్ధంతో అక్కడి పత్తి ఆగిపోయి, బళ్లారి, కర్నూలు రేగళ్ల పత్తికి గిరాకీ పుట్టింది. ఆదోని పత్తి పట్నంగా ఎదిగింది ఆ ఊపులోనే. పత్తి పైకి పోవడం, బట్ట కిందికి రావడం అనే ఏర్పాటు నూట యాభై ఏళ్ల కిందట స్థిరపడింది. నేడు పత్తికొండ రోడ్డు మీద మనం చూసేది దాని కొనసాగింపే.

తర్వాత 1876-78 మహా కరువు. ధాత కరువు అని పెద్దలు చెప్పుకునే ఆ కరువులో కర్నూలు జిల్లా జనాభాలో దాదాపు పావు వంతు తగ్గిపోయింది. బళ్లారిదీ అలాంటి దుస్థితే. కరువంటే రైతుకే అనుకుంటాం. నేతగాడికి అది రెండు వైపులా తగులుతుంది. పంట పోయిన పల్లె కొత్త చీర కొనదు. బట్ట అమ్ముడుపోకపోతే నూలిచ్చేవాడు చేయి ముడుచుకుంటాడు. గింజల ధర మాత్రం అందరికీ ఒకటే, ఆకాశంలో ఉంటుంది. మట్టి పనికి పోదామంటే గుంతలో కూర్చుని నేసిన చేతులకు పార పట్టే బలం చాలదు, పట్టినా నేతకు కావలసిన వేళ్ల మెత్తదనం పోతుంది. అందుకే తర్వాతి కరువుల్లో నేతగాళ్లకు నూలిచ్చి, నేసిన బట్టను సర్కారే కొనే పద్ధతిని కరువు సహాయంలో చేర్చారు. ఒక్క మంచి వాన పడగానే అది ఆగిపోయేది. మళ్లీ సావుకారు గడపే దిక్కు.

ఆ గడప సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. సోమప్ప పని విలువ అక్కడే తెలుస్తుంది.

నేత ఒక మనిషి పని కాదు, ఇంటిల్లిపాది పని. చిలపల నూలు తెచ్చి, ఆసు పోసి, పడుగు తోడి, వీధిలో బారుగా సాచి గంజి పెట్టి, కుంచెతో సరిచేసి ఆరబెట్టాలి. రాట్నం మీద కండెలు చుట్టేది ఆడవాళ్లు, పిల్లలు. పోగులు అచ్చులో పోసి అతికి, గుంత మగ్గంలో కాళ్లు దింపి నాడె విసిరేది మగవాడు. చాలా ఇళ్లలో ఆడవాళ్లు కూడా. ఇంతమంది కష్టానికి కలిపి వచ్చేది ఒకే మజూరీ. నూలు సావుకారుది, బట్ట సావుకారుది. మగ్గం ఒక్కటే నేతగాడిది, చాలాచోట్ల అదీ కాదు. పెళ్లికో, జబ్బుకో, పండక్కో తీసుకున్న బాకీ సావుకారు పుస్తకంలో ఉంటుంది. ఆ బాకీ తీరేదాకా ఇంకో సావుకారు నూలు ముట్టుకోకూడదు. తీరడానికి మజూరీ చాలదు. ఇచ్చిన నూలు తూకానికి, తెచ్చిన బట్ట తూకానికి తేడా వస్తే కోత. మరక పడితే కోత. బజారులో బట్ట కదలకపోతే నూలే ఉండదు, నేతగాడు ఖాళీ. బజారు ఎగిరితే లాభం మాత్రం సావుకారుది. ఆచార్య ఎన్.జి. రంగా 1930లో చేనేత ఆర్థిక పరిస్థితి మీద పుస్తకం వేసే నాటికి తెలుగు నేత ఊళ్లలో ఈ కట్టుబాటు మామూలు సంగతి.

సావుకార్లందరూ దుర్మార్గులు అనడం నా ఉద్దేశం కాదు. నూలు కొనడానికి పెట్టుబడి వాళ్లదే, అమ్ముడుపోని బట్ట మీద నష్టమూ వాళ్లదే. కానీ మంచి ఏడాది వచ్చినా నేతగాడి స్థితి మారని ఏర్పాటు అది. మారాలంటే నూలు కొనే చోట, బట్ట అమ్మే చోట నేతగాడు నిలబడాలి. ఒంటరిగా నిలబడలేడు. కలిసి నిలబడే దారి ముందు దొరికింది ఇంకో దేశంలో.

1844 డిసెంబరులో ఇంగ్లండులోని రాచ్‌డేల్ అనే నేత పట్నంలో 28 మంది కూడి ఒక చిన్న కొట్టు తెరిచారు. వాళ్లలో నేతగాళ్లు చాలామంది. ప్రపంచ సహకార ఉద్యమానికి అదే తొలి మెట్టని చెబుతారు. యంత్రాల పోటీకి మగ్గం ఓడిపోయి, కూలి పడిపోయి, కల్తీ సరుకుతో, అప్పుతో విసిగిపోయిన మనుషులు వాళ్లు. ఆ ఊరూ లాంకషైర్‌లోనిదే. మన మగ్గాన్ని దెబ్బతీసిన యంత్రమే వాళ్ల మగ్గాన్నీ దెబ్బతీసింది. వాళ్లు కనిపెట్టిన విరుగుడు తొంభై నాలుగేళ్లకు మన ఎమ్మిగనూరు చేరింది.

అప్పుడు ఎమ్మిగనూరు కర్నూలు జిల్లాలోది కాదు. ఆదోని తాలూకాతో పాటు బళ్లారి జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉండేది. గాంధీజీ 1921లో, మళ్లీ 1929లో రాయలసీమలో తిరిగి ఖద్దరు ప్రచారం చేసి వెళ్లారు. మద్రాసులో 1935లోనే రాష్ట్రస్థాయి చేనేత సహకార సంఘం ఏర్పడింది, తర్వాత కో-ఆప్టెక్స్‌గా పేరుకెక్కింది అదే. 1932 నాటి మద్రాసు సహకార చట్టం చేతిలో ఉంది. కాబట్టి సొసైటీ అనే ఆలోచన సోమప్ప ఒక్కడికే తట్టిందని చెప్పనవసరం లేదు. అప్పట్లో కాగితం మీద రిజిస్టరైన నేత సంఘాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఎన్నో రెండు మూడేళ్లకే మూతపడ్డాయి. ఎమ్మిగనూరుది నిలబడింది.

ఎందుకు నిలబడిందన్నదే ప్రశ్న. సొసైటీ అంటే మంచి మనసుతో నడిచేది అనుకుంటే పొరపాటు. అది వ్యాపారమే, పైగా మామూలు వ్యాపారం కన్నా కష్టమైన వ్యాపారం. సావుకారు బజారు బాగాలేకపోతే నూలివ్వడం ఆపేస్తాడు. సొసైటీ ఆపలేదు. నూలు కోసం వచ్చినవాడు వాటాదారు, అంటే యజమాని. బట్ట గోదాములో పేరుకుంటున్నా మజూరీ ఇవ్వాలి. నూలు మిల్లు దగ్గర టోకున కొనాలంటే డబ్బు ముందే కావాలి. బ్యాంకు అప్పివ్వాలంటే ఎవరో ఒకరి మాట మీద నమ్మకం ఉండాలి. ఏ కౌంటు నూలు ఎప్పుడు కొనాలి, ఏ రకం బట్టకు ఏ ఊళ్లో గిరాకీ, ఏ రంగు కడిగితే నిలుస్తుంది, ఏది వెలుస్తుంది అన్నవి తెలియాలి. ఇవన్నీ వ్యాపారి విద్యలు. నేతగాడికి నేత వచ్చు, కానీ ఈ విద్య అతనికి ఎవరూ నేర్పలేదు, నేర్చుకునే అవకాశం ఇవ్వలేదు. సోమప్ప తెచ్చింది దాన్ని. సావుకారు తన లాభానికి వాడే తెలివిని నేతగాళ్ల తరఫున కూర్చోబెట్టాడు.

సభ్యుడు వాటా కట్టాలి. నూలు సొసైటీ ఇస్తుంది, బట్ట సొసైటీకే తేవాలి. మజూరీ రకాన్ని బట్టి ముందే ఖరారు, మనిషిని బట్టి కాదు. తూకం అందరి ముందూ జరగాలి. మజూరీలోంచి కొంత పొదుపు కిందికి పోతుంది. ఏడాది చివర లాభం మిగిలితే కొంత నిల్వ నిధికి, కొంత సభ్యులకు. సహకార నేత సంఘాల పద్ధతి క్లుప్తంగా ఇదీ. వినడానికి చప్పగా ఉంటుంది. ఇందులో తిరుగుబాటు ఎక్కడుందంటే, బాకీ పుస్తకం తలకిందులైంది. ఇన్నాళ్లూ నేతగాడి పేరు ఎదురుగా అప్పు ఉండేది, ఇప్పుడు వాటా ఉంది.

సోమప్ప తలచుకుంటే ఆ పెట్టుబడితో, ఆ తెలివితో తానే పెద్ద సావుకారు కావచ్చు. ఊరంతా కూలి నేత నేయించుకోవచ్చు. కాకపోవడం ఆయన ఎంపిక. మన దగ్గర సంపన్నులు ముందు సంపాదించి, ముసలితనంలో దానం చేస్తారు. దానం మంచిదే. కానీ దానం తీసుకునేవాడు తీసుకునేవాడిగానే ఉండిపోతాడు. లాభం పుట్టే చోటే దాన్ని పంచే ఏర్పాటు చేయడం వేరు. ఆణంద్‌లో పాల రైతులు కూడి, తర్వాత అమూల్‌గా ప్రపంచానికి తెలిసిన సంఘం పెట్టుకున్నది 1946 డిసెంబరులో. ఎమ్మిగనూరు సొసైటీ దానికన్నా ఎనిమిదేళ్లు పెద్దది. ఆ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో లేకపోవడం నన్ను బాధిస్తుంది.

సొసైటీ పెట్టిన మరుసటి ఏడాదే రెండో ప్రపంచయుద్ధం. నూలు దొరకడం కష్టమైంది, ధర మండిపోయింది. 1943లో బట్ట మీద, నూలు మీద ప్రభుత్వం కంట్రోలు పెట్టింది. నూలు పంపిణీకి లెక్క, పర్మిట్లు వచ్చాయి. నల్లబజారు పెరిగింది. ఒంటరి నేతగాడు ఆ క్యూలో నలిగిపోయే కాలంలో, సొసైటీ సభ్యుడికి తన పేరున అడిగే ఒక సంస్థ ఉంది. చాలా ఊళ్లలో నేతగాళ్లు సంఘాల వైపు మళ్లింది ఆ నూలు కరువులోనే.

స్వాతంత్ర్యం వచ్చాక 1950ల మొదట్లో మళ్లీ దెబ్బ. వరసగా వానలు లేక రాయలసీమ కరువుతో విలవిల్లాడింది. అదే సమయంలో చేనేత బట్ట గుట్టలుగా పేరుకుపోయి మద్రాసు రాష్ట్రమంతటా నేతగాళ్లు వీధిన పడ్డారు. 1952లో ముఖ్యమంత్రి అయిన రాజాజీ, పంచెలు, చీరలు పూర్తిగా చేమగ్గానికే వదిలేయాలని ఢిల్లీని గట్టిగా అడిగారు. పూర్తిగా ఒప్పుకోలేదు గానీ మిల్లుల పంచెల ఉత్పత్తి మీద కోత పెట్టారు. అఖిల భారత చేనేత బోర్డు 1952లో ఏర్పడింది. 1953లో మిల్లు బట్ట మీద సెస్సు వేసి, ఆ సొమ్మును చేనేతకు, ఖాదీకి మళ్లించే చట్టం వచ్చింది. సెస్సు నిధి సంఘాలకు ప్రాణవాయువైంది. వాటాధనానికి అప్పు, అమ్మకాల మీద రిబేటు, రంగుల అద్దకానికి వసతి, నేతగాళ్లకు ఇళ్లు.

ఇళ్ల మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. ఎమ్మిగనూరులో వీవర్స్ కాలనీ ఉంది. నేతగాడికి ఇల్లు అంటే ఫ్యాక్టరీ కూడా. పూరి గుడిసెలో గుంత మగ్గం వేస్తే వానాకాలం గుంతలో చెమ్మ ఊరుతుంది, పడుగు నానుతుంది, పోగు తెగుతుంది. వీధిలో పడుగు సాచే చోటు లేకపోతే పనే మొదలుకాదు. వెలుతురు లేని గదిలో రాత్రీ పగలూ పోగులు అతికి నలభై ఏళ్లకే చూపు మందగించినవాళ్లు నేత ఊళ్లలో ఎంతమందో. కాబట్టి నేతగాడికి మగ్గం పట్టే గది, గాలి, వెలుతురు, ముందు వీధి ఉన్న ఇల్లు కట్టించడం అతని ఆదాయానికి పునాది వేయడమే. దాన్ని సంక్షేమం ఖాతాలో కాదు, పెట్టుబడి ఖాతాలో రాయాలి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి నుంచి విడిపోయి ఆంధ్రలో కలిశాయి. ఎమ్మిగనూరు ఒక్క పూటలో రాష్ట్ర రాజధాని కర్నూలు ఉన్న జిల్లాలోకి వచ్చింది. పద్మ పురస్కారాలు మొదలైంది ఆ మరుసటి ఏడాదే. 1954లో, ఆ తొలి సంవత్సరంలోనే, సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. దేశమంతటా వేళ్ల మీద లెక్కించదగ్గ మందికి ఇచ్చినప్పుడు అందులో ఒకరు ఎమ్మిగనూరు మనిషి. పెద్ద మిల్లుల అధిపతులు ఎందరో ఉన్న దేశంలో, కరువు సీమలో మగ్గాల సొసైటీ నడిపిన వ్యక్తిని వెతికి పట్టుకున్నారు. ఊళ్లో ఆయన పేరున బడి ఉంది, సర్కిల్ ఉంది.

పక్కనే ఆదోనిని చూస్తే తేడా తెలుస్తుంది. నూలు మిల్లులు వచ్చాయి, వందల మందికి షిఫ్టుల పని దొరికింది. మిల్లు జీతం ఆ రోజుల్లో గౌరవమైన జీతం. తర్వాత యంత్రాలు పాతబడ్డాయి, యజమానులు కొత్త పెట్టుబడి పెట్టలేదు, దేశమంతటా మిల్లులు ఖాయిలా పడ్డాయి. 1974లో కేంద్రం జాతీయం చేసిన ఖాయిలా మిల్లుల జాబితాలో ఆదోని కాటన్ మిల్స్ కూడా ఉంది. యజమాని మారినా రోగం నయం కాలేదు. ఎమ్మిగనూరులోనూ స్పిన్నింగ్ మిల్లు వచ్చింది. పత్తి ఇక్కడే, నూలు ఇక్కడే, బట్ట ఇక్కడే అయ్యే అవకాశం ఒక దశలో ఈ రెండు పట్నాల మధ్య నిజంగా ఉండేది. రేగడి పొలం నుంచి కట్టే గుడ్డ దాకా ముప్పై, నలభై కిలోమీటర్ల లోపల. అది చేజారిపోయిందన్నదే నాకు ఈ కథలో అన్నిటికన్నా పెద్ద దుఃఖం.

సొసైటీ కూడా మునుపటి వైభవంతో లేదు. ఆ పతనానికి ఒక్క కారణం చెప్పలేం. మొదటిది మరమగ్గం. సెస్సు, పంచెల మీద కోత రెండూ మిల్లును దృష్టిలో పెట్టుకుని చేసినవి. మిల్లుకూ చేమగ్గానికీ మధ్యలో మరమగ్గం దూరి, చేనేత రకాలనే సగం ధరకు నేసింది. 1985లో 22 రకాలను చేనేతకు కేటాయిస్తూ చట్టం చేస్తే మరమగ్గాల వాళ్లు కోర్టుకు వెళ్లారు. 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించేదాకా అది కాగితం మీదే ఉంది. మూడేళ్లకే ఆ 22ను 11కు కుదించారు. రెండోది సర్కారు మీద ఆధారపడటం. 1976 నుంచి జనతా బట్ట పథకం కింద చవక చీరలు, పంచెలు నేయించి రాయితీ ఇచ్చారు. సంఘాలకు పని దొరికింది, కానీ నైపుణ్యం ముతకబారింది. ఆ ఏడాదే పుట్టిన రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో కొంటుందన్న ధీమాతో సొంత బజారు వెతుక్కునే అలవాటు పోయింది. పథకం ఆగగానే నేల కుంగింది. ఆప్కో బకాయిలు నెలల తరబడి రాకపోతే సంఘం నూలెక్కడి నుంచి తేగలదు? మూడోది, సహకారంలోకి రాజకీయం. ఎన్నికలు జరగకుండా సర్కారు వేసిన పర్సన్ ఇన్‌చార్జులు ఏళ్ల తరబడి కూర్చోవడం తెలుగు నేల మీద ప్రతి నేత ఊరూ చూసిందే.

నాలుగోది నాకు ముఖ్యమనిపిస్తుంది. సోమప్ప తరం తర్వాత ఆ వ్యాపార విద్యను సభ్యుల పిల్లలకు నేర్పే ఏర్పాటు మన చేనేత సంఘాల్లో బలపడలేదు. స్పెయిన్‌లోని మొండ్రగాన్‌లో 1956లో తొలి కార్మిక సహకార ఫ్యాక్టరీ పెట్టకముందే, పదమూడేళ్ల ముందు, అక్కడి పూజారి అరిస్మెందియారియెతా ఒక సాంకేతిక పాఠశాల తెరిచాడు. ఫ్యాక్టరీ స్థాపించింది ఆ బడిలో చదివిన కుర్రాళ్లే. మనం చేనేత సంఘానికి భవనాలిచ్చాం, రిబేటు ఇచ్చాం, నూలు డిపోలు ఇచ్చాం. నేతగాడి బిడ్డను కొనుగోలుదారుడిగా, రంగుల నిపుణుడిగా, లెక్కల మనిషిగా, మేనేజరుగా తయారుచేసే బడి ఇవ్వలేదు. మంచి నాయకుడు ఉన్నంతకాలం నిలబడి, పోగానే కుంగిపోవడం మన సంఘాల తలరాత కాదు. ఈ లోటు ఫలితం.

2019-20 చేనేత గణన దేశంలో 31 లక్షల పైచిలుకు కుటుంబాలు ఇంకా ఈ పనిలో ఉన్నాయని తేల్చింది. చేనేత చచ్చిపోయిందనే మాటను నేను ఒప్పుకోను. ఎమ్మిగనూరులో మగ్గం చప్పుడు తగ్గింది, ఆగలేదు.

ఇక మళ్లీ పత్తికొండ సంగతి. ఈ రోడ్డు మీద బండ్లలో పత్తి ఒక్కటే పోదు. మనుషులు కూడా పోతారు. కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఆలూరు, పత్తికొండ మండలాల పల్లెలు ఏటా సుగ్గికి కదులుతాయి. ఇళ్లకు తాళాలు వేసి, ముసలివాళ్లను వాకిట్లో వదిలి, చదువుకునే పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు మిరప కోతలకు, తెలంగాణ పత్తి తీతకు పోతారు. పత్తి పండే సీమ మనిషి ఇంకొకరి పొలంలో పత్తి తీయడానికి పోవడం చూసి మనం అలవాటుపడ్డాం. టమాటాది ఇంకో గోడు. పత్తికొండ, ఆస్పరి మార్కెట్లలో ధర పడిపోయిన రోజు రైతు గంపలు రోడ్డు మీద కుమ్మరించి వెళ్లిపోయే ఫొటోలు ఏటా మన పత్రికల్లో వస్తున్నాయి. ప్రాసెసింగ్ యూనిట్ కావాలన్న మాట ఎన్నో ఎన్నికలు చూసింది.

పరిశ్రమ రావాలని అందరం అడుగుతాం. ఎవరి పేరున రావాలో అడగం. బయటి కంపెనీ ఒకటి వచ్చి టమాటా కొంటే సంతోషమే, కానీ ధర పెట్టేది అదే అవుతుంది. సోమప్ప చూపిన దారి ఇక్కడ ఇంకా చెల్లుబాటులో ఉంది. ఆయన కాలంలో సహకార చట్టమంటే జుట్టు రిజిస్ట్రారు చేతిలో ఉండేది. 1995లో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటిసారి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. సర్కారు వాటా లేకుండా, సర్కారు పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకోవచ్చు. 2002 కంపెనీల చట్ట సవరణతో ఉత్పత్తిదారుల కంపెనీలు పెట్టుకునే వీలొచ్చింది. చట్టం ఉంది. పత్తి ఉంది, టమాటా ఉంది, చేయి తిరిగిన మనుషులున్నారు. లేనిది 1938లో ఎమ్మిగనూరుకు దొరికిన ఆ ఒక్కటీ. బ్యాంకు మేనేజరు దగ్గర మాట చెల్లే వ్యాపారి, బజారు లోతు తెలిసిన వ్యాపారి, రైతుల పక్కన, నేతగాళ్ల పక్కన వాటాదారుగా కూర్చోవడానికి సిద్ధపడే వ్యాపారి.

అలాంటివాళ్లు ఆదోనిలో లేరంటే నేను నమ్మను. కమీషన్ మండీల్లో, జిన్నింగు మిల్లుల్లో, హైదరాబాదులో, బెంగళూరులో స్థిరపడిన ఈ ప్రాంతపు కుటుంబాల్లో డబ్బూ, తెలివీ, ఊరి మీద ప్రేమా ఉన్నవాళ్లు నాకు తెలిసే ఉన్నారు. గుడికి గోపురం కట్టిస్తామని, బడికి గదులు కట్టిస్తామని ముందుకొచ్చేవాళ్లు వాళ్లే. వాళ్లను అడగవలసింది చందా కాదు. ఆస్పరిలో వెయ్యిమంది పత్తి రైతులు వాటాలు వేసుకుని ఒక జిన్నింగు మిల్లు పెడితే దానికి మొదటి ఐదేళ్లు లెక్కలు చూడమనండి. పత్తికొండ టమాటా రైతుల సంఘానికి మొదటి బ్యాంకు హామీ మీద సంతకం పెట్టమనండి. ఎమ్మిగనూరు మగ్గాల బట్టకు బెంగళూరులో, హైదరాబాదులో కొట్టు చూపించమనండి. వచ్చే జనవరిలో నీలకంఠేశ్వరుడి జాతరకు వీళ్లంతా ఎమ్మిగనూరు వస్తారు. అడగడానికి అంతకన్నా మంచి సమయం లేదు.